శ్రీకాకుళం, విజయనగరం తీరంలో జనం లేని ఒడ్డు కావాలంటే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సంక్రాంతి వెళ్ళాక హైదరాబాద్ నుంచి మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు మూడు రోజులకి వస్తున్నారు. విశాఖ బీచ్ లాంటి రద్దీ వద్దు, ఇసుక బాగుండాలి, పిల్లలు నీళ్ళలో ఆడుకోవాలి, ఏ ఒడ్డుకి వెళ్ళమంటారు అని అడిగారు. నేను గార మండలంలో పుట్టి పెరిగిన వాణ్ణి. ముప్పై మూడేళ్ళు ఈ జిల్లా హైస్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. సెలవు దొరికినప్పుడల్లా ఈ ఒడ్డు మీదే తిరిగాను. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

జనం లేని ఒడ్డు మాకు కరువు కాదు. శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 193 కిలోమీటర్లు, రాష్ట్రంలో ఏ జిల్లాకీ ఇంత పొడుగు లేదని మేము బడిలో చెప్పేవాళ్ళం. విజయనగరానిది సుమారు 28. ఇందులో పర్యాటకులు వచ్చేది నాలుగైదు చోట్లకే. మిగతాదంతా సరుగుడు తోటలు, మొగలి పొదలు, జీడి మామిళ్ళు, చేపలోళ్ళ పేటలు. జనం లేరంటే రక్షించేవాడూ లేడని కూడా అర్థం. గజ ఈతగాళ్ళుండరు, ఎర్ర జెండా ఉండదు, ఈల వేసి వెనక్కి పిలిచేవాళ్ళుండరు. కాబట్టి ఏ ఒడ్డు అన్నదానికన్నా ఒడ్డుని ఎలా చూడాలి అన్నది ముందు చెప్తాను. ఊళ్ళ పేర్లు తరవాత.

ఇక్కడ సముద్రం అడుగడుగునా ఒకేలా ఉండదు. నదులే దానికి కారణం. దక్షిణం నుంచి లెక్కపెడితే కోనాడ దగ్గర చంపావతి, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా. మధ్యలో లెక్కలేనన్ని గెడ్డలు, అంటే వాగులు. నది సముద్రంలో కలిసే చోటుని మేము మొగ అంటాం. ఎండాకాలంలో, వానాకాలంలో దక్షిణపు గాలి అలల్ని వాలుగా తోస్తుంది, దాంతో ఇసుక ఒడ్డు వెంట ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. అలా నడిచిన ఇసుక మొగకి అడ్డం పడి పొడుగాటి నాలుకలా పెరుగుతుంది. నది దారి దొరక్క పక్కకి వంగుతుంది. వరదొస్తే ఆ ఇసుకని తెంచుకుని కొత్త దారి చేసుకుంటుంది. చిన్న గెడ్డలైతే వేసవిలో పూర్తిగా మూసుకుపోతాయి. అందుకే ఏడాది కిందట ఎవరో తీసిన వీడియో చూసి మొగ ఫలానా చోట ఉందనుకోకండి. అక్కడికి వెళ్ళాక పేటలో అడగండి.

మొగ దగ్గర నీళ్ళు చూడ్డానికి చెరువులా ఉంటాయి. అల ఉండదు, లోతు తెలియదు. పిల్లల్ని దింపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందట మా మేనల్లుణ్ణి తీసుకుని వంశధార మొగకి వెళ్ళాను, వాడికప్పుడు పద్నాలుగేళ్ళు, ఈత వచ్చు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన "అటెల్లకండి బాబూ, పాటు మొదలైంది, నీరు లాగేత్తాది" అన్నాడు. పోటు పోయి నీరు వెనక్కి తీసే వేళ అది. నది నీళ్ళు, పోటుకి లోపలికొచ్చిన సముద్రపు నీళ్ళు రెండూ కలిసి ఆ ఇరుకు దారిలోంచి ఒక్కసారే బయటికి పోతాయి. నేను వినిపించుకోలేదు. వాడు నడుం లోతులో ఉండగానే కాళ్ళ కింద ఇసుక జారి కొట్టుకుపోయాడు. ఆ వల బాగుచేసుకునే మనిషే ఖాళీ డీజిల్ క్యాను తాడుకి కట్టి విసిరి, తనూ దూకి బయటికి లాగాడు. ఈ విషయం మా అక్కకి నేను చెప్పడానికి ఏడాది పట్టింది. మొగలో పిల్లల్ని దింపొద్దు అని మీకు రాస్తున్నది ఆ రోజు నా చేతులు వణికిన వణుకుతోనే.

మొగ కాని చోట కూడా ఒక లాగుడు ఉంటుంది. అలలు ఒడ్డుకి తెచ్చిన నీళ్ళు ఎక్కడో ఒక చోట వెనక్కి పోవాలి కదా. ఇసుక తిన్నెల మధ్య పల్లం దొరికితే అందులోంచి పోతాయి. గట్టు మీద నిలబడి పది నిమిషాలు చూడండి, కనిపిస్తుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటాయి, మధ్యలో ఒక చార మాత్రం విరగకుండా, కాస్త నల్లగా, నురగ సముద్రం వైపు జారుతూ ఉంటుంది. తెలియని వాళ్ళు అలలు లేవు కదా అని అక్కడే దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే. పొరపాటున చిక్కితే ఒడ్డు కేసి ఆ లాగుడుకి ఎదురీదొద్దు. అది ఎంత ఈతగాడినైనా అలిసిపోయేలా చేస్తుంది. తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి, వీలైతే ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. ఆ చార వెడల్పు తక్కువే, దాటితే అలే ఒడ్డుకి తెస్తుంది.

ఇంకో సంగతి. మా ఒడ్డు చాలా చోట్ల మెట్టులా దిగిపోతుంది. పిక్కల లోతులో నుంచున్నవాడు రెండడుగులు ముందుకేస్తే ఛాతీ లోతులో ఉంటాడు. పైగా అల పక్కనే నిలువుగా లేచి పడుతుంది. పిల్లలకి చీలమండ దాటనివ్వకండి. పెద్దవాళ్ళకి మోకాలు. ఇది నా లెక్క, దీంట్లో నేను బేరం ఆడను. పెద్దవాళ్ళలో ఒకరు ఫోను పక్కన పెట్టి, పిల్లలకీ సముద్రానికీ మధ్య నిలబడాలి. వెనక కూర్చుని చూడ్డం కాదు.

పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ. మాఘ పౌర్ణమికి మా వైపు జనం బళ్ళు కట్టుకుని సముద్ర స్నానాలకి వచ్చేవాళ్ళు, ఇప్పుడు ఆటోల్లో వస్తున్నారు. పెద్ద పోటు రోజూ పెద్ద జనం రోజూ ఒకటే అన్నమాట. మీకు ప్రశాంతత కావాలంటే ఆ రోజు వదిలేయండి. కనుమ రోజు, కార్తీక మాసం ఆదివారాలు కూడా అంతే. పోటు వేళ రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, మొదటి రోజు గమనిస్తే మిగతా రెండు రోజులకీ లెక్క మీరే కట్టుకోవచ్చు. వచ్చే ముందు హైదరాబాద్‌లోనే ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూసుకోండి. వాటికన్నా నమ్మకమైనది పేటలో పడవలు. పొద్దున ఆరింటికి పడవలన్నీ గట్టునే బోర్లించి ఉండి, మనుషులు "ఈ రోజు వేట లేదు" అన్నారనుకోండి, మీకూ ఆ రోజు నీళ్ళు లేవు. ఆపదొస్తే 112, సముద్రంలో అయితే కోస్ట్ గార్డ్ 1554. అయినా ముందు అందేది పేట మనిషి చెయ్యే.

జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మీరు ఎంచుకున్న కాలం మంచిది. తుఫాన్లు మాకు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది, గులాబ్ 2021 సెప్టెంబరు 26 సాయంత్రం కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. ఉద్దానంలో, అంటే జిల్లా ఉత్తరాన ఉన్న కొబ్బరి, జీడి తోటల సీమలో, నడుస్తుంటే మొండెం విరిగిన కొబ్బరిచెట్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి, పక్కన పిల్ల మొక్కలుంటాయి. కొబ్బరి మళ్ళీ కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో పెంచినవాడికే తెలుసు. ఆ తోటల్లోంచి వెళ్ళేటప్పుడు బొండాలు కొనుక్కుని తాగండి.

ఇప్పుడు ఊళ్ళు. విశాఖ వైపు నుంచి కారులో వస్తే మొదట విజయనగరం జిల్లా ఒడ్డు తగుల్తుంది. పూసపాటిరేగ మండలంలో చింతపల్లి, కోనాడ. చింతపల్లిలో దీపస్తంభం, ఒడ్డున రాళ్ళు, చూడ్డానికి చాలా బాగుంటుంది. రాళ్ళ మీద పాచి ఉంటుంది కాబట్టి అమ్మగారికి, పాపకి వద్దు. కోనాడలో చంపావతి మొగ. ఒక పూట ఆగి, టీ తాగి బయల్దేరడానికి సరిపోతాయి, మూడు రోజుల్లో వీటికి ఇంతకన్నా ఎక్కువ సమయం పెట్టకండి.

కళింగపట్నం శ్రీకాకుళానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు. రేడియోలో వాతావరణ వార్తలు విన్నవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు, అక్కడ వాతావరణ కేంద్రం ఉంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. దీపస్తంభం, మదీనా బాబా దర్గా ఉన్నాయి. శని, ఆదివారాలు సాయంత్రం శ్రీకాకుళం అంతా అక్కడే ఉంటుంది. మామూలు రోజు పొద్దున మాత్రం మీరూ కాకులూ. ఊరి ముందు ఒడ్డు దాటి దక్షిణానికి బందరువానిపేట, మొగదలపాడు వైపు వెళ్తే ఇసుక విశాలంగా ఉంటుంది.

ఈ ఇసుకలో పిల్లలకి చూపించాల్సింది ఒకటుంది. అల వెనక్కి పోయాక ఒడ్డు మీద నల్లటి చారలు, వాటి పక్కన వంకాయ రంగు చారలు పడి ఉంటాయి. మురికి అనుకుని చాలామంది ముఖం తిప్పుకుంటారు. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, నదుల్లో కొట్టుకొచ్చి, అల జల్లెడ పట్టినట్టు బరువైన రేణువుల్ని విడిగా పేర్చితే ఏర్పడే చారలవి. వంకాయ రంగువి గార్నెట్, నల్లనివి ఎక్కువగా ఇల్మెనైట్, వాటిలో కొంచెం అయస్కాంతానికి అంటుకునే మాగ్నటైట్. మీ బాబుకి ఒక అయస్కాంతం, కాగితం ఇవ్వండి. కాగితం మీద గుప్పెడు నల్ల ఇసుక పోసి కింద అయస్కాంతం తిప్పితే రేణువులు లేచి నిలబడతాయి. నా పిల్లలకి కొండలు, నది, సముద్రం ఒకే పాఠమని బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది, అక్కడ గుప్పెడు ఇసుకతో ఎక్కేది. ఆడుకున్నాక మళ్ళీ అక్కడే పోసెయ్యమనండి. మధ్యాహ్నం ఆ నల్ల ఇసుక కాలిపోతుంది, చెప్పుల్లేకుండా నడవనివ్వకండి.

కళింగపట్నం వెళ్ళిన రోజే శాలిహుండం, శ్రీకూర్మం రెండూ చూడొచ్చు. శాలిహుండం వంశధార ఒడ్డున కొండ, మీద బౌద్ధ స్తూపాలు. 1919లో వాటిని వెలుగులోకి తెచ్చింది మా గిడుగు రామమూర్తి పంతులుగారు. కొండ మీద నుంచి నది సముద్రం వైపు ఎలా వంగుతోందో మొత్తం కనిపిస్తుంది, మొగ గురించి పైన రాసింది అక్కణ్ణుంచి చూస్తే ఇట్టే అర్థమవుతుంది. మెట్లున్నాయి, అమ్మగారు కింద నీడలో కూర్చోవచ్చు. ఆవిడ కోసం శ్రీకూర్మం ఎలాగూ ఉంది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. మండపం గోడల మీద పాత బొమ్మలున్నాయి, దర్శనం కాగానే వచ్చెయ్యక నిదానంగా చూడండి.

కూర్మనాథుడి గుడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒడ్డుకే నిజం తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చిన్నప్పుడు మాకు ఇది వింత అనిపించలేదు, పెద్దయ్యాక అనిపిస్తోంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి, ఒక్కోటి వంద పైన గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడవి, చల్లగా ఉంటే ఎక్కువ మగవి. మీరు వచ్చే రోజుల్లో పిల్లలు కనపడవు, కానీ పొద్దున్నే నడిస్తే ట్రాక్టరు టైరు జాడలాంటి గుర్తు నీటి నుంచి పైకి వెళ్ళి తిరిగి నీటికి రావడం కనపడొచ్చు. ఆ జాడ చివర తవ్వకండి. గుడ్లు తీసి కంచె వేసిన చోట భద్రపరిచే పనివాళ్ళు అటవీ శాఖ తరఫున ఉంటారు, కనపడితే వాళ్ళకి చూపించండి. రాత్రి ఒడ్డు మీద టార్చి, ఫ్లాష్, మంట వద్దు. వెలుగు చూస్తే ఒడ్డెక్కుతున్న తల్లి తిరిగి వెళ్ళిపోతుంది. పుట్టిన పిల్లలు వెలుతురున్న వైపే సముద్రం అనుకుని రోడ్డు మీదికి పోతాయి. ఒడ్డు మీదికి కారు ఎక్కించొద్దని నేను మొత్తుకునేది కూడా అందుకే. టైరు కింద ఏముందో మనకి కనపడదు. ఇసుకలో కూరుకుపోయి పేటలో ట్రాక్టరు కోసం పరిగెత్తడం దానికి అదనం.

పిల్లలకి ముందే ఒక మాట చెప్పి తీసుకురండి. ఈ నెలల్లో చచ్చిన తాబేళ్ళు కూడా ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అవి గాలి పీల్చే జీవులు, మధ్యమధ్యలో పైకి రావాలి. మరబోటు వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతాయి. తాబేలు తప్పించుకునే ద్వారం వలకి అమర్చే పద్ధతి ఉంది, అందరూ వాడితే ఇన్ని చావవు. మా మనవరాలు మొదటిసారి చూసి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చూపించకుండా దాచమని అనను, ముందు చెప్పమంటున్నాను.

రెండో రోజు టెక్కలి, పలాస వైపు వెళ్ళండి. దారిలో నౌపడ ఉప్పు మడులు, పక్కనే తేలినీలాపురం. చలికాలంలో అక్కడ చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుని ఉంటాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు, గట్టిగా అరవకండి. భావనపాడు ఒడ్డు నా చిన్నప్పుడు ఈ జిల్లాలో నాకు అన్నిటికన్నా ఇష్టం. పక్కన మూలపేటలో 2023లో పోర్టుకి శంకుస్థాపన జరిగింది, ఇప్పుడు లారీలు, దుమ్ము. ప్రశాంతత కోసం మీరు అటు వెళ్ళక్కర్లేదు. ఇంకా పైకి వెళ్తే వజ్రపుకొత్తూరు మండలంలో అక్కుపల్లి శివసాగర్ బీచ్. జీడి తోటలు, కొబ్బరి తోటలు దాటగానే ఒక్కసారి సముద్రం తెరుచుకుంటుంది. ఆ మండలంలోనే మంచినీళ్ళపేట అని ఒక ఊరుంది. ఆ పేరు ఊరికే రాలేదనుకుంటాను. ఇసుక దిబ్బల్లోకి ఇంకిన వాన నీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద తేలి ఉంటుంది, ఒడ్డుకి అంత దగ్గర చెలమ తీసినా తియ్యటి నీరే ఊరుతుంది. దిబ్బల్ని తవ్వుకుపోతే, నీళ్ళు అతిగా తోడితే ఆ చెలమల్లోకి ఉప్పు వస్తుంది. ఇసుక దిబ్బ ఆ ఊరి నీళ్ళకుండ. మీ పిల్లలు దాని మీద జారుడుబండ ఆడుకోవచ్చు, మీద పాకిన తీగల్ని మాత్రం పీకనివ్వకండి, దిబ్బని పట్టుకుని ఉన్నవి అవే.

పేటల గురించి. మీకు ఖాళీగా కనిపించే ఒడ్డు వాళ్ళకి కళ్ళం. వలలు ఆరేది, చేపలు ఎండేది, పడవ దించేది అక్కడే. ఎండు నెత్తళ్ళ మీద నుంచి నడిచి వెళ్ళిన కుటుంబాల్ని చూశాను, ఎంత బాధేసిందో. పడవ మీద చెప్పులతో ఎక్కకండి, ఫొటో తీసే ముందు అడగండి. ఆడవాళ్ళు చేపలు ఏరుతుంటే మరీ. ఎవరైనా పెద్ద వల లాగుతుంటే పక్కన నిలబడి, "ఓ చెయ్యి వెయ్యమంటారా మావయ్యా" అని అడిగి చూడండి, మీ బాబుకి తాడు ఇస్తారు. పడవలొచ్చే వేళకి వెళ్తే వంజరం, చందువా, కవళ్ళు తాజాగా దొరుకుతాయి. రూపాయి రూపాయికి బేరం చెయ్యకండి, రాత్రంతా నీళ్ళ మీద ఉండి తెచ్చిన సరుకు అది. చాలా పేటల్లో ఎవరో ఒక అక్క డబ్బు తీసుకుని వండి పెడుతుంది, పొద్దున్నే చెప్పాలి. ఒడ్డున మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు దొరకవు. అమ్మగారికి ఇది ఇబ్బంది, అందుకని బస ఊళ్ళోనే పెట్టుకోండి. మొదటి రాత్రి శ్రీకాకుళం, రెండో రాత్రి పలాస. రైలైతే ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగండి, తిరిగి పలాసలో ఎక్కండి. ఆవిడ కోసం ఒక మడత కుర్చీ తెచ్చుకోండి, ఇసుకలో కింద కూర్చుని లేవడం మోకాళ్ళకి చాలా కష్టం.

చివర్లో మీరు అడిగారు, ఒక్క చోటే చూడగలిగితే ఎక్కడికి అని. బారువ. పలాస నుంచి మూడో రోజు చీకట్లోనే బయల్దేరండి, సూర్యుడు ఆ రోజుల్లో ఇంచుమించు ఆరున్నరకి వస్తాడు. కొబ్బరి తోటల మధ్య రోడ్డు, తరవాత దీపస్తంభం, తరవాత ఇసుక. ఒడ్డు వెంట కొంచెం నడిస్తే మహేంద్రతనయ మొగ, దూరం నుంచి చూడండి చాలు. ఎదురుగా నీళ్ళలో 1917లో మునిగిన చిల్కా అనే ఓడ ఉంది, ఈతగాళ్ళు మునిగి చూసొస్తుంటారు. మీ బాబుకి ఆ సంగతి చెప్తే ఇక అలల కేసే చూస్తూ ఉంటాడు. గాలి తొమ్మిదింటి దాకా నేల మీద నుంచే వీస్తుంది, అలలు నెమ్మదిగా ఉంటాయి, నీళ్ళాట అంతా ఆలోపే. తరవాత గాలి తిరుగుతుంది. అప్పుడు వెనక్కి తిరిగి చూడండి, ఆకాశం తేటగా ఉంటే తోటల పైన మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. మీ కాళ్ళ కింద ఇసుకలో కొంత ఆ కొండ నుంచి వచ్చిందే. అమ్మగారి కుర్చీ అటు వైపు తిప్పి వెయ్యండి.